ఆ పుస్తకంలో ఎవరూ మంచినీళ్లు ఇవ్వరు

మా బడిలో లెక్కలు చెప్పే టీచరు పోయిన వారం ఒక పుస్తకం అడిగింది. వాళ్ల మేనమామకు కిడ్నీలు పాడయ్యాయట, డయాలసిస్ మొదలుపెట్టారట. "ఆ సినిమా ఆమె తన జబ్బు గురించి రాసిన పుస్తకం నీ దగ్గర ఉందంట గదా. చదివితే ధైర్యం వస్తుందంటున్నారు. మా మామకు ఇచ్చి మళ్లీ తెస్తాను" అంది. పుస్తకం ఉంది. బీరువా పైఅరలో ఉంది. లేదని చెప్పాను. ఎవరో తీసుకుపోయి తిరిగివ్వలేదని కూడా కల్పించాను. పుస్తకాలు దాచుకునే రకం కాదు నేను. ఆ ఒక్కటి మాత్రం జబ్బుమనిషి చేతిలో పెట్టడానికి నాకు చెయ్యి రాదు. ఆ పుస్తకం మీద నాకు కోపం. ఆ కోపం కూడా ఇంకొకరి తరఫున పట్టుకున్నదే. ఆమె పేరు రాయను. రాస్తే వాళ్లక్క చిప్పగిరిలో తలెత్తుకోలేదు.

మా అన్న ఎమ్మిగనూరులో ఉంటాడు, నేను ఆదోనిలో తెలుగు టీచరును. సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం బస్సుకు అన్న డయాలసిస్ కోసం ఆదోని వచ్చేవాడు. నేను బడి వదలగానే ఆస్పత్రికి పోయి, యంత్రం మీద ఉన్న ఆ నాలుగు గంటలూ పక్కన కూర్చునేదాన్ని. పక్క మంచం ఆమెది. ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు వాళ్లది. భర్త నేస్తే ఆమె నూలు కండెలకు చుట్టేది. యాభై దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. మా అన్నతో పాటు అదే బస్సులో ఒక్కతే వచ్చేది.

మొదటిసారి నేను చూసినప్పుడు ఆమె వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఆటో డ్రైవరుకు నీళ్లు పోస్తోంది. రెండు లీటర్ల సీసా, దాని చుట్టూ తడిగుడ్డ. అది ఆమె కోసం కాదు. ఇంట్లో కుండనీళ్లు నింపుకుని అంత బరువూ మోసుకొచ్చి, కండక్టరుకూ, రోగుల వెంట వచ్చిన వాళ్లకూ, ఊడ్చే మనిషికీ పోసేది. అందరూ అన్నం తిన్నావా అని పలకరిస్తే ఆమె "ఏమప్పా, నీళ్లు తాగినావా?" అని పలకరించేది. పోసిన తర్వాత చూపు తిప్పుకునేది కాదు. నీళ్లు గొంతులో దిగుతుంటే అక్కడే చూస్తూ, "తాగు తాగు, నిలపొద్దు" అనేది. ఆమెకు డాక్టరు రోజుకు అర లీటరు చెప్పాడు. చారు, మజ్జిగ, కాఫీ అన్నీ కలిపి అంతే. ఆదోని ఎండల్లో అర లీటరు.

"ఇట్లా చూస్తే నీకు ఇంకా దప్పిక కాదా అక్కా?" అని ఒకరోజు అడిగాను.

"నా వంతు గూడా మీరే తాగల్ల గదా" అంది, సీసా మూత బిగిస్తూ.

తనకు దప్పికైనప్పుడు కొంగు ముడి విప్పి ఒక లవంగం దవడన పెట్టుకునేది. ఆ లవంగం అయిపోయేదాకా మాట్లాడేది కాదు. యంత్రానికి సూదులు గుచ్చే ఎడమచేతిలో నరం ఉబ్బి, తాకితే గుయ్యిమనేది. కొత్తగా వచ్చిన రోగులు ఆ చేతిని చూసి భయపడితే, వాళ్ల వేళ్లు పట్టుకుని దాని మీద పెట్టి, "లోపల మగ్గం ఆడతాంది సూడు. ఆడినంతసేపు మనకు కూలి ఉన్నట్టే" అనేది. కుడిచెయ్యి మాత్రం ఊరికే ఉండేది కాదు. దుప్పటి అంచున పోగు దొరికితే వేలికి చుట్టుకుంటూ ఉండేది. ఎన్ని దుప్పట్ల అంచులు విప్పిందో ఆ ఆస్పత్రి వాళ్లకే తెలియాలి.

పుస్తకం సంగతి ఆమే ఎత్తింది. వార్డు టీవీలో ఆ సినిమా తార మాట్లాడుతోంది. తనకు కిడ్నీలు పాడైన సంగతి ఏడేళ్లు లోకానికి తెలియనివ్వలేదని, ఇప్పుడంతా పుస్తకంగా రాశానని చెప్పింది. ఆమె మంచం మీద నుంచి తల ఎత్తి చూసింది.

"టీచరమ్మా, ఆ పుస్తకం తెప్పియ్యి. నా కండ్లకు ఆనదు, నువ్వు సదువుదువు. ఏడేండ్లు దాచినాదంట. ఎట్ల దాచినాదో రాసింటాది గదా."

"ఊరందరికీ తెలుసు కదా అక్కా, ఇంక నువ్వు ఎవరి దగ్గర దాచాలి?"

"మా యక్క దగ్గర" అంది.

ఆ రోజు చెప్పింది. అక్క చిప్పగిరిలో ఉంటుంది. తొమ్మిదేళ్ల కింద నడివేసవిలో వాళ్లమ్మ ఈమె ఇంట్లోనే పోయింది. కబురు పంపారు. చిప్పగిరి నుంచి రెండు బస్సులు మారి రావాలి. ఎండకు శవం ఆగదని కులపెద్దలు తొందరపెట్టారు. అక్క వచ్చేసరికి అంతా అయిపోయింది. ఏడుస్తూ గడపలో నిలబడ్డ అక్కకు ఈమె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అక్క ఆ చెంబును తోసేసి, "అమ్మ మొగం సూపియ్యలేదు గదే నాకు. నీ ఇంట్ల నీళ్లు నేను ముట్టను. నీ గొంతులో గూడా నీళ్లు దిగకుండా పోవాల" అని వచ్చిన కాళ్ల మీద వెనక్కి పోయింది.

మా దిక్కున ఇంటికొచ్చిన మనిషికి ముందు కాళ్లకు నీళ్లు, తర్వాత తాగడానికి నీళ్లు. తాగితే చుట్టం, తాగకపోతే పగ. అన్నం వద్దంటే ఏదో ఒకటి సర్దిచెప్పుకోవచ్చు. నీళ్లు వద్దంటే ఇంక మాట ఉండదు. ఆ తొమ్మిదేళ్లలో అక్కచెల్లెళ్లు పెళ్లిళ్లలో ఎదురుపడ్డారు, చావుల్లో ఎదురుపడ్డారు, నీళ్లు మాత్రం ముట్టలేదు. ఏడో ఏట ఈమెకు కిడ్నీలు పోయాయి.

"ఆ మాటకు ఈ రోగం రాలేదు, టీచరమ్మా. సుగరుకు వచ్చినాదని డాక్టరే సెప్పినాడు. నాకు తెల్సు. మా యక్కకు తెల్దు గదా. తన నోటి మాటే తగిలిందనుకుంటాది. బతికినన్నాళ్లు కుమిల్తాది. అందుకే మా ఇంట్లోళ్లను సుగరుకు మందులు తింటాందని సెప్పమన్నా, అంతే. యా పొద్దన్నా మనసు మళ్లి రమ్మనిందనుకో, పోతే నీళ్లిస్తాది. తాగల్ల. తాగకపోతే ఇంకా పగ ఉండాదనుకుంటాది. రోగమని సెప్తే తన మాటే అనుకుంటాది. ఎట్ల సెయ్యల్ల? ఆయమ్మ రాసింటాది సూడు."

పుస్తకం తెప్పించాను. బరువైన పుస్తకం, మధ్యలో నున్నటి కాగితం మీద బొమ్మలు. రోజుకు ఇరవై పేజీల లెక్కన చదివేదాన్ని. మా అన్న వినీ విననట్టు కళ్లు మూసుకుని పడుకునేవాడు. ఆమె మాత్రం బడిపిల్లల కంటే శ్రద్ధగా వినేది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా పాఠం అట్లా విన్నవాళ్లు లేరు.

మొదట్లో నవ్వుకున్నాం కూడా. తార ఒకచోట తన వేదనను ఆలింగనం చేసుకున్నానని రాసింది. ఆలింగనమంటే ఏమిటని అడిగితే చెప్పాను. "నొప్పిని వాటేసుకునేదేందప్పా, అదే మనల్ని వాటేసుకుని ఇడిసిపెట్టకపాయ" అంది. జబ్బును దాచడానికి తార నల్లకళ్లద్దాలు పెట్టిందట, నిండుచేతుల జాకెట్లు కుట్టించుకుందట, నెలల తరబడి విదేశాల్లో ఉందట. షూటింగులకు ఎందుకు రాలేదో చెప్పడానికి మేనేజరు ఉన్నాడు. "అబద్ధాలు సెప్పేకి గూడా మనిషిని పెట్టుకున్యాది" అని మా అన్నను లేపి మరీ చెప్పింది. యంత్రం తార ఇంట్లోనే ఒక గదిలో ఉండేదట. కిటికీలోంచి సముద్రం కనబడేదట. ఆ పేజీ మాత్రం ఇంకోసారి చదవమంది.

దప్పిక గురించి ఆ పుస్తకం మొత్తంలో ఒకే ఒక వాక్యం ఉంది. దాహం నాకు సహనం నేర్పింది, అని.

"తర్వాత?" అంది ఆమె.

తర్వాత తార మనశ్శాంతి కోసం మంచుకొండల దగ్గరికి పోయింది. అదే చదివాను.

ఆ వాక్యం మీద నాకు మండింది. రాసే మనిషికి దప్పికంటే తెలుసు. నాలుక పిడచకట్టుకుపోవడం, స్నానం చేసేటప్పుడు నోట్లో పడ్డ నీళ్లు ఉమ్మేయాలా మింగాలా అని తనతో తాను పోట్లాడటం, పక్కింట్లో బిందె నిండే చప్పుడు వినలేక తలుపేసుకోవడం, ఇవన్నీ తారకూ జరిగే ఉంటాయి. ఈమె నాతో చెప్పిన సంగతులే ఇవి. తార బాధ అబద్ధమని నేననను. బాధ నిజమే, దాన్ని కడిగి, ఇస్త్రీ చేసి, మాకు చూపించింది. మరక ఎక్కడుందో తెలిస్తే గదా, అదే మరక ఉన్నవాళ్లకు పనికొచ్చేది.

చివరి పేజీ అయిపోయింది. కొత్త కిడ్నీ పెట్టారు, తార తెల్లచీర కట్టుకుని సూర్యోదయం చూసింది. పుస్తకం మూశాను.

"అయిపాయెనా?"

"అయిపోయిందక్కా."

"నడుమ ఏమన్నా ఇడిసిపెట్టినావేమో సూడు."

"ఒక్క అక్షరం కూడా వదల్లేదు."

దుప్పటి పోగు వేలికి చుట్టుకుంది. తర్వాత అడిగింది. "ఆయమ్మ ఎవురింటికీ పోదా, టీచరమ్మా?"

ఆలోచిస్తే నిజమే. ఆ పుస్తకంలో తార హోటళ్లకు పోతుంది, స్టూడియోలకు పోతుంది, గుళ్లకు పోతుంది, ఆస్పత్రులకు పోతుంది. ఒక మనిషి ఇంటికి పోదు. ఒక్క గడప ముందు కూడా ఎవరూ చెంబు పట్టుకుని ఆమెకు ఎదురు రారు. అన్ని పేజీలు గట్టిగా చదివిన నాకు ఆ సంగతి తట్టనే లేదు.

"పాపం, నీళ్లిచ్చేవాళ్లు గూడా లేరేమో ఆయమ్మకు" అంది ఆమె. ఆమెకు తార మీద కోపం రాలేదు. ఆశ పోయింది, అంతే. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

అందుకే ఒక పని చేశాను. బుధవారం పోగానే, రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయని, మొన్న చూసుకోలేదని చెప్పి, పుస్తకం తెరిచి లేనిది చదివాను. తార వాళ్ల పిన్ని ఊరికి పోయింది. పిన్ని నీళ్లు తెచ్చింది. తార చెంబు ఎత్తి ఒక్క గుక్క పోసుకుని, "ఎంత తియ్యగా ఉన్నాయి పిన్నీ" అని, "నువ్వూ తాగు" అంటూ వెంట వచ్చిన స్నేహితురాలికి చెంబు అందించింది. ఆ స్నేహితురాలు మిగతావి తాగేసింది. పిన్నికి అనుమానం రాలేదు. రాత్రంతా కూర్చుని కూర్చుకున్న వాక్యాలు అవి. బాగా చదివాననే అనుకున్నాను.

ఆమె నవ్వింది. అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. యంత్రం చూసే అబ్బాయి వచ్చి చెయ్యి కదిలించొద్దని కసిరాడు.

"ఆ పుస్తకంలోది కాదు ఇది. నువ్వు రాసినావు."

తప్పు ఒప్పుకున్నాను.

"ఆయమ్మ రాసినదాని కంటే ఇదే బాగుండాది. పనికొచ్చేది ఇదే" అని, "అయితే నువ్వు రావల్ల నాతో. నేను గుక్క తాగి నీకిస్తా. మా యక్క యానాడు పిల్సినా నువ్వు రావల్ల. వస్తావా?" అంది.

వస్తానన్నాను. చెయ్యిలో చెయ్యి వేసి అన్నాను. తీర్థానికి పిలిస్తే వస్తానన్నంత సులువుగా అన్నాను.

శివరాత్రి పోయి, ఎండలు ముదిరే రోజుల్లో పిలుపు వచ్చింది. అక్క మనవరాలికి పేరు పెడతారు. ఫోను అక్క కొడుకు చేశాడు గానీ, వెనక నుంచి అక్క గొంతు వినబడిందట, "దాన్ని రమ్మను" అని. ఆ శుక్రవారం ఆమె ఆ రెండు మాటలూ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. కండెలు చుట్టిన డబ్బులతో కాదు, భర్త నేసిన చీరల్లోంచే ఒకటి పక్కన పెట్టిందట అక్కకు. ఆదివారం పొద్దున ఆమె ఎమ్మిగనూరు నుంచి ఆదోని వస్తే, ఇద్దరం కలిసి ఆలూరు మీదుగా చిప్పగిరి పోవాలి. శుక్రవారం డయాలసిస్ అయితే మళ్లీ సోమవారమే. నడుమ రెండు రోజులు ఖాళీ. తాగిన నీరు బయటికి పోక ఒంట్లో చేరేది, ఊపిరి ఆడనివ్వనిది ఆ రెండు రోజుల్లోనే. అది నాకూ తెలుసు.

శనివారం సాయంత్రం హెడ్మాస్టరు చెప్పాడు, సోమవారం తనిఖీకి వస్తున్నారని. నా రికార్డులు మూడు నెలలుగా రాయనివి అట్లాగే ఉన్నాయి. ఆదివారమంతా కూర్చుంటే తప్ప కావు. ఆమెకు ఫోన్ చేశాను.

"వచ్చే ఆదివారం పోదామా అక్కా?"

"పేరు పెట్టేది వచ్చే వారానికి జరపరు గదా, టీచరమ్మా."

"పోనీ మీ కోడల్ని తీసుకుపో."

"ఈ సంగతి దానికి సెప్తే మా యక్కోళ్లకు సెప్పేస్తాది." "ఏం కాదులే. నువ్వు రాసుకో. ఒక గుక్క తాగి కింద పెడతా. అంతమందిలో ఎవురు సూస్తారు" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

నేను అక్కకు ఫోన్ చేసి ఉండొచ్చు. ఎవరో ఒకరిని పట్టుకుంటే నంబరు దొరికేది. జబ్బు సంగతి అక్కకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది గదా అనుకున్నాను. ఒక మాట తప్పిన మనిషికి ఇంకో మాట నిలబెట్టుకోవడం మీద అంత పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆదివారం పొద్దున్నుంచీ రికార్డులు రాశాను. ఎర్రసిరాతో గీతలు కొట్టి, అందంగా రాశాను. తనిఖీకి వచ్చినవాళ్లు నా రికార్డులు తెరిచి కూడా చూడలేదు.

సోమవారం బడి వదిలాక ఆస్పత్రికి పోయాను. మా అన్న ఒక్కడే వచ్చాడు. చేతిలో సంచీ అట్లాగే పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"మన పక్క మంచం అక్క పోయినాదమ్మా" అన్నాడు. "తెల్లారుజామున ఆయాసమొస్తే కొడుకు ఆటోలో ఆదోనికి తెస్తాండె. నడుమలోనే పోయినాదంట."

ఆ సాయంత్రం పక్క మంచం మీద ఇంకెవరినో పడుకోబెట్టారు.

వేసవి సెలవులు ఇచ్చాక చిప్పగిరి పోయాను. పోకుండా ఉండలేకపోయాను. బస్సు దిగి ఇల్లు అడిగితే, అంగడి దగ్గరున్న ముసలామె దారి చూపించి, "పోతే పో గానీ తల్లీ, ఈ మధ్య ఆ యమ్మ ఇంటికొచ్చినోళ్లకు నీళ్లు గూడా ఇయ్యదు. ఏం గర్వమొచ్చెనో" అంది.

అక్క గడపలోనే కూర్చుని ఉంది. చెల్లెలి ముఖమే, పదేళ్లు పెద్దది. ఆదోని టీచరునని, ఆస్పత్రిలో మీ చెల్లెలి పక్కన ఉండేదాన్నని చెప్పాను. చాప వేసింది. నీళ్లు ఇవ్వలేదు.

అడగకముందే చెప్పుకుపోయింది. "వాకిట్లోకి నేనే పోతి, చెంబు తీసుకుని. తొమ్మిదేండ్లాయ. అది చెంబు ఎత్తి కింద పెట్టకుండ తాగినాది, టీచరమ్మా. ఒక గుక్క పోసుకుని, పక్కకు తిరిగి ఎవురినో సూసినట్టు సూసినాది. ఎవురూ లేరు. మళ్లీ ఎత్తినాది. నేను సూస్తాంటి గదా, నా మొగమే సూస్తా అంతా తాగినాది. అబ్బా, ఎంత దప్పికైతాండెనో బిడ్డకు, అనుకుంటి. అనుకుని లోపలికి పోయి ఇంకో చెంబు తెచ్చిస్తి. అదీ తాగినాది. మజ్జిగ పోస్తి. వద్దనలేదు. నవ్వుతాండె."

పక్కకు తిరిగి ఎవరిని చూసిందో నాకు తెలుసు. చెప్పాలని నోరు తెరిచాను. ఆమే అడిగింది.

"డాక్టరు దాన్ని నీళ్లు తాగొద్దన్యాడంట గదా. నిజమా?"

"కొంచెం తగ్గించమన్నారు అక్కా, అంతే. రెండు చెంబులకు ఏమీ కాదు. గుండె కూడా బలహీనంగా ఉండె" అన్నాను. ఇది కూడా నేను రాసిందే. చెల్లెలు నవ్వి పట్టేసుకున్నట్టు ఈమె పట్టుకోలేదు. నా మాటను నమ్మాలని ఎంత ఆశగా చూసిందంటే, నాకు ఏడుపొచ్చింది.

"నేను ఒక మాట అనింటి దాన్ని. నీళ్ల మీదనే" అంది.

బస్సు వేళయింది. లేచి గడప దాకా పోయి ఆగాను. ఈ ఇంటి నుంచి నీళ్లు తాగకుండా పోతే ఊరు ఏమనుకుంటుందో అని కాదు, ఆమె ఏమనుకుంటుందో అని ఆగాను.

"అక్కా, దప్పికైతాంది. నీళ్లియ్యి" అన్నాను.

ఆమె కదల్లేదు. చాలాసేపటికి లోపలికి పోయి, చెంబు తీసుకుని వచ్చింది. నాకు అందించింది గానీ చెయ్యి వదల్లేదు. చెంబును ఆ పక్క ఆమె, ఈ పక్క నేను పట్టుకుని నిలబడ్డాం.

"నీకేం రోగం లేదు గదా, టీచరమ్మా?" అంది. "ఉంటే సెప్పు. నేను ఏమీ అనుకోను."